సిగార్ డబ్బాలో పద్నాలుగు బిళ్ళలు: ఒక ప్రాజెక్టు డైరీ

మార్చి 8, శనివారం

స్టుట్‌గార్ట్ కార్ల్స్‌ప్లాట్స్‌లో ప్రతి శనివారం పాత సామాన్ల సంత. వానలో తడుస్తూ వెళ్ళి ఒక సిగార్ డబ్బాతో ఇంటికొచ్చాను. 25 యూరోలు. లోపల పద్నాలుగు బిళ్ళలు. అమ్మినావిడ "మా మామగారి అటక మీద ఉండేవి" అంది. ఆయనది ఏ ఊరు, ఏం చేసేవాడు అని అడిగేలోపు ఇంకో బేరానికి తిరిగిపోయింది.

బ్యాడ్జీలు అనకుండా బిళ్ళలు అంటున్నది కావాలనే. కలెక్టరు కచేరీ జవాను అడ్డపట్టీకి ఇత్తడి బిళ్ళ ఉండేది, బిళ్ళబంట్రోతు అన్న మాట అక్కడిదే. జర్మనీలో ఈ బిళ్ళల సరదా బంట్రోతుల దగ్గర ఆగలేదు. పాటల సంఘం, కసరత్తు సంఘం, తుపాకీ గురి సంఘం, సైకిళ్ళ సంఘం, మంటలార్పే సంఘం... ఏ ఊళ్ళో పదిమంది కూడినా ముందు ఒక సంఘం, వెనకాలే ఒక బిళ్ళ. వీటిని కొట్టడానికి ల్యూడెన్‌షైడ్, ఫోర్ట్స్‌హైమ్, న్యూరెంబర్గ్, మ్యూనిక్, బెర్లిన్‌లలో కంపెనీలు ఉండేవి. న్యూరెంబర్గ్‌లో లావర్ 1790 నాటిది. ల్యూడెన్‌షైడ్‌లో స్టైన్‌హావర్ అండ్ ల్యూక్ 1889లో మొదలైంది. ఇలాంటి కంపెనీలు అచ్చువేసిన క్యాటలాగులు కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి.

పని ఇదీ. డబ్బాలో ఉన్న ప్రతి బిళ్ళకీ క్యాటలాగులో బొమ్మ వెతకాలి. ఏమిటది, ఎప్పటిది, ఎవరు చేశారు అని ఒక్కోదానికి ఒక కార్డు రాయాలి. గడువు రెండు నెలలు.

మాది బందరు. చిలకలపూడి గిల్టు నగలకు అచ్చులు చెక్కే పెదనాన్న దగ్గర ఎన్నో వేసవి సెలవులు గడిపాను. అచ్చు, రేకు, ప్రెస్సు నాకు కొత్త కాదు కాబట్టి ఇది తేలిగ్గా అయిపోతుందనుకుంటున్నాను. ఈ వాక్యం తేదీతో సహా ఇక్కడే ఉండనీ.

మార్చి 9, ఆదివారం

పొద్దుటి నుంచీ కొలతలే. వెర్నియరుతో అడ్డం, నిలువు, అంచు మందం. చిన్న త్రాసులో తూకం. తర్వాత అయస్కాంతం: రెండు అతుక్కున్నాయి, అంటే ఇనప రేకు. ఆ తర్వాత ముందు వెనకల స్కాన్లు. తుడవలేదు, మెరుగు పెట్టలేదు. నల్లబడ్డ వెండిని చూస్తే చేతులు దురదపెడతాయి గానీ, అచ్చు గీతలు ముందు పోయేది ఆ మెరుగులోనే.

నంబర్లు వేశాను. 1, 2: కసరత్తు ఉత్సవాల బిళ్ళలు, లైప్‌సిగ్ 1913, కొలోన్ 1928 అని వాటి మీదే ఉంది, ఇంకేం వెతకాలి. 3, 4: వీణలాంటి లైర్ వాద్యం బొమ్మ, పాటల సంఘాలవి. 5: శిరస్త్రాణం, అడ్డంగా రెండు గొడ్డళ్ళు, అగ్గిమాపకం. 6: శిరస్త్రాణం కింద రెండు కత్తులు, చుట్టూ ఆకుల దండ, సైనికుల గాయాల బిళ్ళ. 7: ఆటల పరీక్ష నెగ్గినవాళ్ళకిచ్చే బిళ్ళ, మధ్యలో డి.ఆర్.ఎల్. అన్న పొడి అక్షరాలు. ఆ పేరుతో క్రీడా సమాఖ్య పుట్టింది 1934లో, కాబట్టి బిళ్ళ అంతకు ముందుది కాదు. 8: రెక్కల చక్రం, సైకిళ్ళు. 9: ఓక్ ఆకుల చక్రం, మధ్యలో అక్షరాలు అల్లిన శిలువ. 10 సంగతి కింద రాస్తాను. 11, 12: గురి సంఘాలవి. 13: ఎనామెల్ రాలిపోయి, పిన్ను విరిగి, ఏదో తెలియని ముద్ద.

14 అసలు బిళ్ళే కాదు. యూనిఫారం గుండీ! నిన్న పద్నాలుగు బిళ్ళలు అని రాసినందుకు లెంప వేసుకుని, డైరీ పేరు మాత్రం మార్చకుండా వదిలేస్తున్నాను. నిజానికి పెద్ద తప్పు కూడా కాదు. ల్యూడెన్‌షైడ్ కంపెనీలు చాలావాటికి మొదటి వ్యాపారం గుండీలే, బిళ్ళలు తర్వాత వచ్చాయి. వాళ్ళు గుండీల లెక్క గ్రోసుల్లో చెప్పేవాళ్ళు, 144 ఒక గ్రోసు. మన ఫ్యాన్సీ షాపులవాళ్ళు ఇప్పటికీ చెప్పేది అదే లెక్క.

ఇక 10. సంతలో దాని మీద ఒక మూల తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. తీస్తే గోథే మహాకవి తల, పక్కన రెక్కలు చాచిన గద్ద, గద్ద కాళ్ళ కింద స్వస్తిక, ఇటు సుత్తి, అటు కొడవలి. 1934 మే 1, శ్రామిక దినం బిళ్ళ ఇది. రిచర్డ్ క్లైన్ గీసిన బొమ్మ. లక్షల్లో కొట్టించారు, ఎన్నో కంపెనీలు కొట్టాయి, అందుకే ఇది అరుదైనదేమీ కాదు. బందరులో మా గడపకి అమ్మ పసుపుతో దిద్దే గుర్తును ఇక్కడ స్టిక్కరు కింద దాచి అమ్ముతారు. ఆ గుర్తును బయట ప్రదర్శించడం జర్మన్ చట్టంలో 86ఎ సెక్షన్ కింద నేరం, చదువుకీ పరిశోధనకీ మాత్రం మినహాయింపు ఉంది. స్టిక్కరు మళ్ళీ అంటించి డబ్బాలో పెట్టేశాను.

మార్చి 16, ఆదివారం

క్యాటలాగులు మూడు చేరాయి. క, ఖ, గ అని పేర్లు పెట్టుకున్నాను.

క: ముందు అట్ట పోయిన అసలు పుస్తకం, బెర్లిన్ దుకాణంవాడిది. ఖ: సంఘాల బిళ్ళలు చేసే ఒక కంపెనీ పుస్తకానికి స్కాన్, ఒక పాత సేకర్త దగ్గర కొన్నాను. గ: ల్యూడెన్‌షైడ్ కంపెనీది, జిరాక్సుకి జిరాక్సు. మూడింటిలో ఏ ఒక్కదాని మీదా సంవత్సరం లేదు. ఏడాది వేస్తే వచ్చే ఏడు పాతబడిపోతుందని వ్యాపారి వెయ్యడు. మన పంచాంగాలవాళ్ళే నయం.

కాబట్టి బిళ్ళకి వయసు కట్టేముందు పుస్తకానికి వయసు కట్టాలి. ఈ వారమంతా అదే పని. నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా ఎక్కువ సరదా పుట్టించింది ఇదే.

క సంగతి చూడండి. ధరలన్నీ మార్కుల్లో ఉన్నాయి. రైష్స్‌మార్కు అనే కొత్త కరెన్సీ 1924లో వచ్చింది, అప్పట్నుంచీ ధర పక్కన ఆర్.ఎం. అని ఉండాలి, ఇక్కడ లేదు. చివరి పేజీలో పోస్టల్ చెక్కు ఖాతా నంబరుంది. జర్మనీలో పోస్టాఫీసు ఆ ఖాతాలు మొదలుపెట్టింది 1909 జనవరి 1న. పుస్తకంలో ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం బొమ్మలున్నాయి గానీ వాటి మీద 1870 అనే ఉంది, 1914 అన్నది ఎక్కడా లేదు. యుద్ధం రాగానే జర్మన్ చక్రవర్తి కైజర్ ఆ పతకాన్ని 1914 ఆగస్టులో మళ్ళీ తెచ్చాడు, తెచ్చాక కూడా ఏ దుకాణంవాడూ దాన్ని పెట్టకుండా ఉండడు. కనక క వయసు 1909కీ 1914కీ మధ్య. ఒక పోస్టాఫీసు ఖాతా, ఒక లేని బొమ్మ కలిసి ఆరేళ్ళ లోపుకి తెచ్చేశాయి.

ఖ ధరలు ఆర్.ఎం.లో, కాబట్టి 1924 తర్వాతిది. స్వస్తిక ఒక్కటి కూడా లేదు, పైగా శ్రామిక సంఘాల బిళ్ళలు దర్జాగా ఉన్నాయి. ఆ సంఘాలన్నిటినీ నాజీలు 1933లో మూసేశారు. కాబట్టి 1924-33. ఇందులో ఒకే పేజీలో చర్చి యువజనులు, దాని కింద సోషలిస్టు సైకిళ్ళవాళ్ళు, ఆ పక్కనే మాజీ సైనికులు. వ్యాపారికి ఏ జెండా అయినా డజను లెక్కే.

గ అడ్రసులో ఊరి పేరు ముందు నాలుగంకెల పిన్‌కోడు ఉంది. పశ్చిమ జర్మనీలో ఆ నాలుగంకెలు 1961లో వచ్చి 1993లో ఐదంకెలయ్యాయి. యుద్ధం ముందు పుస్తకమని నాకు అమ్మినాయన గట్టిగా చెప్పాడు. ఆయన మోసగాడేమీ కాదు, అడ్రసు చదవలేదంతే.

చదవడం అన్న మాట వచ్చింది కాబట్టి: క అంతా పాత ఫ్రాక్టూర్ అక్షరాల్లో ఉంది. ఇందులో ఎస్ ఒక రకంది అచ్చం ఎఫ్ లాగే ఉంటుంది. వలపలగిలక, అరసున్న చూడని పిల్లాడికి వందేళ్ళ నాటి తెలుగు పుస్తకం ఇచ్చినట్టే నా పరిస్థితి. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టింది.

మార్చి 22, శనివారం

ఈ వారం నవ్వుల పాలయ్యాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాను.

క్యాటలాగు బొమ్మల కింద "అసలు పరిమాణం" అని ఉంటుంది. కాబట్టి ఖ పేజీలు ప్రింటు తీసి బిళ్ళని బొమ్మ మీద పెట్టి చూడొచ్చనుకున్నాను. ఒక్కటీ సరిపోలేదు. ప్రతి బిళ్ళా బొమ్మ కన్నా పెద్దదే. 3వ నంబరు 28.5 మిల్లీమీటర్లు, బొమ్మ 26.5. మంగళవారం రాత్రికి ఒక సిద్ధాంతం కూడా కట్టేశాను: ఇవన్నీ ఎవరో తర్వాత కొట్టిన నకిలీలు, అచ్చు కొత్తగా చెక్కేటప్పుడు కొలత పెరిగింది అని. కార్డుల మీద ఎర్ర సిరాతో "అనుమానం" అని రాశాను. ఐదు కార్డులు.

గురువారం ఖలో ఒక కప్పు అడుగున 40 మి.మీ. అని అంకె కనిపించింది. నా ప్రింటులో దాన్ని కొలిస్తే 37.2. ప్రింటరు పేజీకి సరిపడేలా బొమ్మని నొక్కేసింది! 93 శాతానికి. 26.5ని దాంతో భాగిస్తే 28.5. నకిలీలు లేవు, సిద్ధాంతం లేదు, ఎర్ర సిరా వృథా.

ఇప్పుడు చేస్తున్నది: ప్రతి పేజీలో మి.మీ. రాసి ఉన్న వస్తువు ఒకటి వెతికి, దాన్నే గజంబద్దగా పెట్టుకుని మిగతావి కొలవడం. అలాంటి అంకె లేని పేజీల్లో కొలత జోలికి పోవడం లేదు, ఆకారం ఒక్కటే చూస్తున్నాను.

మార్చి 30, ఆదివారం

6వ నంబరు. ఇది తేలికని పక్కన పెట్టుకున్నది.

గాయాల బిళ్ళని కైజర్ విల్‌హెల్మ్ 1918 మార్చి 3న పెట్టాడు. ఒకటి రెండు గాయాలకి నలుపు, మూడు నాలుగుకి వెండి రంగు, ఐదు, ఆపైన అయితే పసుపు. మన పల్లెల్లో యుద్ధానికెళ్ళొచ్చిన తాతలు గాయం మచ్చ చూపించి కథ చెబుతారు. ఇక్కడ ఆ మచ్చలకి రంగుల లెక్క.

నాది నలుపు, స్వస్తిక లేదు. హిట్లర్ 1939లో మళ్ళీ ఇచ్చినప్పుడు శిరస్త్రాణం మీద స్వస్తిక వచ్చింది. లేదు కాబట్టి 1918దే అని కార్డు రాసేశాను. రాసి, ఊరికే గ తిరగేస్తుంటే అదే బొమ్మ. నాలుగంకెల పిన్‌కోడున్న పుస్తకంలో!

సంగతేమిటంటే, పశ్చిమ జర్మనీ 1957 జులై 26న ఒక చట్టం చేసింది. పాత యుద్ధ పతకాలు పెట్టుకోవచ్చు, కానీ స్వస్తిక తీసేసి. దాంతో కంపెనీలు 1939 అచ్చుల్నే స్వస్తిక లేకుండా మళ్ళీ చెక్కించి అమ్మాయి. అప్పుడు తేడా ఎక్కడ? శిరస్త్రాణంలో. 1918 బిళ్ళ మీద ఉన్నది మొదటి యుద్ధం నాటిది, చెవుల పైన గాలి కోసం పెట్టిన కొమ్ముల్లాంటి బొడిపెలు స్పష్టంగా ఉంటాయి. తర్వాతిది పొట్టిది, నున్ననిది. భూతద్దం కింద నాది నున్ననిది. కార్డు కొట్టేసి 1957 తర్వాత అని రాశాను. ఒక తాత మొదటి యుద్ధంలో దెబ్బ తిన్నాడనుకున్నది కాస్తా, ఆయన కొడుకు రెండో యుద్ధంలో దెబ్బ తిని ఎప్పుడో అరవైలలో దుకాణంలో కొనుక్కున్నాడు అయింది. మామగారు అని ఆవిడ అన్నది ఈయన గురించే కావచ్చు.

గ నకలు కొన్నందుకు మొదట్లో బాధపడ్డాను. ఇప్పుడు లేదు.

ఇంకో చిన్న పాఠం కూడా ఈ వారమే. 3వ నంబరు పక్కన ఖలో "నాయ్‌జిల్బర్" అని ఉంది, మాటకి మాట కొత్త వెండి. పాత వెండి కొనే షాపువాడిని అడగబోయి ఆగాను, అది మన జర్మన్ సిల్వరే! రాగి, నికెల్, జింకు. వెండి చుక్క కూడా ఉండదు. 1823లో ష్నేబెర్గ్‌లో గైట్నర్ అనే ఆయన ఈ లోహాన్ని తయారుచేశాడు. హైదరాబాదులో పెళ్ళికి వెళ్తే రిటర్న్ గిఫ్టుగా కుంకుమ భరిణె ఇస్తారే, అదే. అసలు వెండి అయితే జర్మన్ చట్టం ప్రకారం 1888 నుంచీ నెలవంక, కిరీటం, పక్కన 800 లాంటి అంకె కొట్టొచ్చు. నా డబ్బాలో అవి ఒక్కదాని మీదే ఉన్నాయి, 4వ నంబరు మీద. పాతికేళ్ళు పాడినాయనకి సంఘం అసలు వెండే ఇచ్చింది.

ఏప్రిల్ 6, ఆదివారం

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు అందరూ పడే గుంటలో నేనూ పడ్డాను. 8, 11 రెండింటి వెనకా "గెస్. గెష్." అని చెక్కి ఉంది. ఎవరీ గెష్ అని క్యాటలాగుల సూచికలన్నీ వెతికాను. గెష్ అని ఎవరూ లేరు. "చట్టరీత్యా రక్షణ ఉంది" అన్న మాటకి పొడి అక్షరాలవి. బిళ్ళల మీద కనిపించే డి.ఆర్.జి.ఎం. కూడా అంతే, 1891లో వచ్చిన చిన్న రకం పేటెంటు లాంటి రక్షణ. మూడేళ్ళు, పొడిగిస్తే ఆరేళ్ళు. డి.ఆర్.జి.ఎం. అని ఉంటే బిళ్ళ 1891 తర్వాతిదని తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు.

ఇప్పుడు 9. ఈ డబ్బా మొత్తానికి నాకు నచ్చింది ఇదే.

28.5 మి.మీ. ఓక్ ఆకుల చక్రం. మధ్యలో నీలం ఎనామెల్ మీద నాలుగు అక్షరాలు శిలువలా అల్లుకుని ఉన్నాయి. జర్మన్ కసరత్తు సంఘాల గుర్తు నాలుగు ఎఫ్‌లు, "ఫ్రిష్, ఫ్రోమ్, ఫ్రోలిష్, ఫ్రై": ఉత్సాహం, భక్తి, ఉల్లాసం, స్వేచ్ఛ. 1840లలో డార్మ్‌స్టాట్‌లో ఫెల్సింగ్ అనే ఆయన ఆ నాలుగిటినీ శిలువగా కూర్చాడు. కాబట్టి కార్డు: కసరత్తు సంఘం, నాలుగు ఎఫ్‌లు. రెండు ఎఫ్‌లు అరిగాయి.

అరగడం ఏమిటి? ఎనామెల్ గాజులాంటిది. అది నిండుగా ఉండగా దాని మధ్య ఉన్న లోహం గీత ఒక్కటే ఎలా అరుగుతుంది? శుక్రవారం రాత్రి దీపం పక్కవాటుగా పెట్టి మళ్ళీ చూశాను. పైన రెండూ ఎఫ్‌లే. కింద ఎడమది వంపు తిరిగింది, ఎస్. కుడిది టి. అరిగిందేమీ లేదు, నేను చూడదలచుకున్నది చూశాను.

ఎఫ్, ఎఫ్, ఎస్, టి: "ఫ్రిష్, ఫ్రై, ష్టార్క్, ట్రాయ్". భక్తి, ఉల్లాసం పోయి వాటి చోట బలం, విశ్వాసం వచ్చాయి. శ్రామికుల కసరత్తు సంఘం నినాదం అది. పెద్దింటివాళ్ళ సంఘంతో పొసగక 1893లో గేరాలో వేరుపడ్డవాళ్ళు. పలకరింపు కూడా వేరే, వాళ్ళు "గూట్ హైల్" అంటే వీళ్ళు "ఫ్రై హైల్". 1922లో లైప్‌సిగ్‌లో, 1929లో న్యూరెంబర్గ్‌లో తమ సొంత ఉత్సవాలు చేసుకున్నారు. 1933లో సంఘాన్ని రద్దు చేశారు.

10వ నంబరు మళ్ళీ బయటికి తీశాను. 1933లో నాజీలు మే 1ని జీతంతో సెలవుగా ప్రకటించి, మర్నాడే, మే 2న, కార్మిక సంఘాల ఆఫీసులు స్వాధీనం చేసుకున్నారు. ఆ తర్వాతి ఏడాది సుత్తీ కొడవలీ పెట్టి కొట్టించిన బిళ్ళ 10. అదే డబ్బాలో ఎఫ్.ఎఫ్.ఎస్.టి. రెండూ ఒకే మనిషివో కావో నాకు తెలిసే దారి లేదు. కాసేపు పక్కపక్కన పెట్టి చూసి, వేరే వేరే కవర్లలో వేశాను.

పని సంగతికొస్తే, ఖలో ఈ బిళ్ళ బొమ్మ లేదు. రెండుసార్లు వెతికాను. మూడోసారి వెతుకుతుంటే 31వ పేజీలో ఖాళీ చక్రం కనిపించింది. ఓక్ ఆకులు, మధ్యలో ఏమీ లేదు, కింద "మధ్యభాగం కోరినట్టు" అని ఒక ముక్క. అప్పుడు వెలిగింది. క్యాటలాగువాడు బిళ్ళలు అమ్మడం లేదు, భాగాలు అమ్ముతున్నాడు! చక్రం ఒక అచ్చు, మధ్యభాగం ఇంకో అచ్చు. పాటలవాళ్ళకి లైర్, సైకిళ్ళవాళ్ళకి చక్రం, శ్రామికులకి నాలుగక్షరాలు, ఏది కావాలంటే అది అతికిస్తాడు. చిలకలపూడిలో చేసేదీ ఇదే కదా. ఒకే అంచుకి ఒకసారి లక్ష్మీదేవి, ఒకసారి నెమలి, ఒకసారి రాయి. నెల్లాళ్ళుగా నేను పూర్తి బిళ్ళ బొమ్మ కోసం వెతుకుతున్నాను, బందరువాణ్ణయి ఉండి.

ఆ మాట అనుకోగానే 3వ నంబరు తీశాను, పాటల సంఘంది. చక్రం అదే. ఇక్కడ క్యాటలాగు చెప్పలేనిది బిళ్ళలే చెప్పాయి: రెండింటిలోనూ ఎడమవైపు మూడో ఆకు కొస నుంచి అంచుదాకా వెంట్రుకంత గీత ఉబ్బి ఉంది. అచ్చు పగిలితే రేకు ఆ పగుల్లోకి దిగి ఇలా గీత లేస్తుంది. రెండింటిలోనూ అదే చోట, అదే వంపు. అంటే రెండు చక్రాలూ ఒకే అచ్చులో కొట్టినవి. లోహాలు వేరు, సంఘాలు వేరు, అచ్చు ఒకటి.

ఏప్రిల్ 13, ఆదివారం

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. పెదనాన్నకి వీడియో కాల్ చేసి 9వ నంబరు చూపించాను. ఆయనకి ఎనభై దాటాయి, కళ్ళు ఇంకా చురుకే. కథంతా చెప్పాను, శ్రామికులు, నినాదం, 1933. విన్నాడు.

"బాగానే ఉంది గానీ, వెనక్కి తిప్పరా."

తిప్పాను. అడ్డంగా పిన్ను, ఒక పక్క కీలు, ఇంకో పక్క కొక్కెం.

"ఇది ఎప్పుడు పెట్టారన్నావు?"

"మొదట్నుంచీ ఉన్నదే పెదనాన్నా. ఇలాంటి పిన్ను ఇరవైలలో వచ్చిన పుస్తకంలో ఉంది. దాన్నిబట్టే తేదీ కట్టాను."

"మొదట్నుంచీ ఉన్నది కాదు. ఆ అతుకు చూడు, బొట్టులా పొంగి పక్కకి కారింది. తగరం అది. వెండి టంకం పెట్టి ఉంటే పల్చగా లోపలికి పాకేది. వెండి టంకం కరిగే వేడి ఇస్తే ముందున్న నీలం పగులుతుందని ఎవడో భయపడి తగరంతో అతికాడు. రిపేరు పని. దాని కింద ఇంకేముందో చూడు."

భూతద్దంతో చూశాను. తగరం అంచు కింద, సరిగ్గా నడిమధ్య, ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రటి మచ్చ.

ఖ వెనక పేజీల్లో తగిలింపుల పట్టిక ఉంది, ఇన్నాళ్ళూ దాటేసిన పేజీ. పిన్నుతో ఒక ధర, చొక్కా రంధ్రంలో దూర్చే గుండీతో ఒక ధర, వేలాడదీసే రింగుతో ఒక ధర. ముందువైపు బొమ్మ ఒకటే, వెనక్కి మూడు రకాలు. నా 9 గుండీతో పుట్టింది. కోటు కాలరు రంధ్రంలో పెట్టుకునేది. ఆ గుండీ ఎప్పుడో ఊడిపోతే ఎవరో పిన్ను వేయించుకున్నారు. దాన్నిబట్టి నేను కట్టిన తేదీ పిన్నుకి కట్టిన తేదీ. బిళ్ళకి 1893-1933 తప్ప ఇంతకన్నా దగ్గరగా చెప్పలేను.

పైగా క మళ్ళీ తిరగేస్తే ఆ చక్రం దాంట్లోనూ ఉంది. 1914 ముందు బెర్లిన్ దుకాణంవాడి పుస్తకంలో, 1924 తర్వాత కంపెనీ పుస్తకంలో. బొమ్మ ఒకటే. దుకాణంవాడు తయారుచెయ్యడు, తెప్పించి అమ్ముతాడు. కాబట్టి క్యాటలాగులో ఉంది అంటే అక్కడ దొరికేదని అర్థం, అక్కడ చేశారని కాదు.

"ముందువైపు చూసి నగ కొనేవాడు కొనేవాడే. పనివాడు వెనక చూస్తాడు" అన్నాడు పెదనాన్న. ఆ మాట ఆయన నోట ముప్పై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను, ముఖ్యంగా నేను ఏదైనా తప్పు చేసినప్పుడు.

ఏప్రిల్ 27, ఆదివారం

రైలెక్కి ఫోర్ట్స్‌హైమ్ వెళ్ళాను. బ్లైష్‌ష్ట్రాసెలో కోల్‌మార్ అండ్ జూర్దాన్ అనే పాత నగల ఫ్యాక్టరీ భవనంలో నగల, గడియారాల పరిశ్రమ మ్యూజియం ఉంది. మరలు ఊరికే అద్దాల వెనక పెట్టలేదు, పాత పనివాళ్ళు తిప్పి చూపిస్తారు. ఒకాయన స్క్రూ ప్రెస్సు చక్రం విసిరి తిప్పి చిన్న రేకు మీద గులాబీ కొట్టి చేతిలో పెట్టాడు. వేడిగా ఉంటుందనుకున్నాను, చల్లగానే ఉంది. చిలకలపూడి చేతి ప్రెస్సు చప్పుడే, కాకపోతే ఇంకా బరువు.

ఈ ఊళ్ళో నగల పని 1767లో అనాథాశ్రమంలో మొదలైంది, బాడెన్ పాలకుడు కార్ల్ ఫ్రీడ్రిష్ అనుమతితో. 1945 ఫిబ్రవరి 23 రాత్రి బాంబుదాడిలో ఊరి నడిబొడ్డు కాలిపోయి సుమారు 17,600 మంది చనిపోయారు. అలా కాలిన ఊళ్ళో కంపెనీ బీరువా మిగలకపోయినా, అది ఎప్పుడో పోస్టులో ఏదో పల్లెలోని పాటల సంఘం కార్యదర్శికి పంపిన క్యాటలాగు మిగలొచ్చు. క వెనక అట్ట లోపల ఎవరో పెన్సిలుతో డజన్లు లెక్క వేసుకున్నారు, కూడిక తప్పింది.

9వ నంబరు ఆ ప్రెస్సాయనకి చూపించాను. పగులు గీత చూసి నవ్వాడు. "అచ్చు పగిలిందని యజమానికి చెబితే కొత్తది చెక్కించాలి. చెప్పకపోతే ఇంకో పదివేలు కొట్టొచ్చు" అన్నాడు.

మే 4, ఆదివారం

గడువు అయింది. కార్డులన్నీ తిరగరాశాను. మార్చిలో "తయారీదారు" అని ఒకే గడి పెట్టాను. ఇప్పుడు నాలుగు: చక్రం, మధ్యభాగం, తగిలింపు, ఏ పుస్తకంలో కనిపించింది. తయారీదారు గడి కూడా ఉంచాను గానీ, వెనక పేరు చెక్కి ఉన్న మూడింటికే నిండింది. వాటిలో ఒకటి 10. దాని మీద పేరున్న కంపెనీ కొట్టినమాట నిజమే, అలా కొట్టిన ఎన్నో కంపెనీల్లో అదొకటి. మిగతా వాటికి గడి ఖాళీ. 13 ఇంకా ముద్దగానే ఉంది.

9 కార్డు ఇలా ఉంది: చక్రం: క, ఖ (31వ పేజీ), అచ్చు 3వ నంబరుదే, ఎడమ మూడో ఆకు దగ్గర పగులు. మధ్యభాగం: ఎఫ్.ఎఫ్.ఎస్.టి., నీలం ఎనామెల్. తగిలింపు: మొదట గుండీ, తర్వాత తగరం అతుకుతో పిన్ను. కాలం: 1893-1933. తయారీదారు: తెలియదు.

ఫోటో తీసి పెదనాన్నకి పంపాను. సాయంత్రం వాయిస్ మెసేజీ పెట్టాడు.

"ఆ ఆకుల చక్రం దగ్గరగా తీసి పంపు, కొలతతో సహా. లాకెట్టుకి బాగుంటుంది, ఒక అచ్చు చెక్కి చూస్తాను. పగులు వద్దులే."